‘యేసు’ అని చేసిన ప్రార్థన దేవుడు వినడా? దేవుని నామాల గురించి

వందనాలు బ్రదర్. మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. కొన్నాళ్లుగా మీరు యూట్యూబ్‌లో మెస్సియానిక్ బోధలు వింటున్నారు. వాటిలో ఒకాయన ‘యెహోవా’ తప్పుడు పేరని, ‘యేసు’ అనే మాట గ్రీకు దేవుడు జ్యూస్ పేరు నుంచి వచ్చిందని, ‘యాహ్వే’, ‘యేషువా’ అని పిలవకపోతే ప్రార్థన పరలోకానికి చేరదని చెప్పారు. మీరు అది ఇంట్లో చెప్పేసరికి అమ్మగారు కన్నీళ్లు పెట్టుకుని, “అయితే ఇన్నేళ్లూ నేను ప్రార్థన చేసింది ఎవరికిరా?” అని అడిగారు. ఏం చెప్పాలో తెలియక ఇక్కడ రాశారు.

అమ్మగారి ప్రార్థనలు చేరవలసిన చోటికే చేరాయి. ఈ సమాధానం పూర్తిగా చదవకముందే వెళ్లి ఆమెకు ఆ మాట చెప్పండి. తర్వాత తీరిగ్గా కూర్చుని మిగతాది చదవండి. మీరు అడిగింది చిన్న విషయం కాదు. ఏ పేరైతే ఏముందిలే అని కొట్టిపారేయమని నేను అనను. చాలా ఏళ్లుగా హీబ్రూ పాఠాలు చెబుతున్నవాడిని, ఆ నామాలంటే నాకు ప్రాణం. అందుకే వాటితో ఒక తల్లిని భయపెట్టారని వింటే మనసు కష్టపెట్టుకోకుండా ఉండలేను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. మెస్సియానిక్ యూదులు అంటే యేసును మెస్సీయగా నమ్మి, యూదులుగానే జీవించేవాళ్లు. 1880లలో కిషినేవ్‌లో (నేటి మోల్డోవా రాజధాని) జోసెఫ్ రబినోవిచ్ మొదలుపెట్టిన సంఘం దగ్గర నుంచి, 1915లో అమెరికాలో ఏర్పడి 1975లో పేరు మార్చుకున్న మెస్సియానిక్ యూదుల సమాఖ్య దాకా వాళ్లకు ఒక చరిత్ర ఉంది. వాళ్లలో చాలామంది ‘యాహ్వే’ అని నోటితో అననే అనరు. ‘అదోనాయ్’ (ప్రభువు) అంటారు, లేదా ‘హాషెమ్’ (ఆ నామం) అంటారు. ఇక పేరు సరిగ్గా పలకకపోతే రక్షణ లేదనే బోధ ప్రధానంగా 1930ల తర్వాత అమెరికాలో పెరిగిన ‘పవిత్ర నామ ఉద్యమం’ నుంచి వచ్చింది. అది ఎక్కువగా అక్కడి యూదేతర క్రైస్తవుల మధ్య పుట్టిన ఉద్యమం. ఈ రెండూ యూట్యూబ్‌లో ఒకే బోర్డు కింద కనబడుతున్నాయి కాబట్టి మీకు ఒకటేననిపించింది.

ఇప్పుడు ఆ నామం సంగతి. హీబ్రూలో అది నాలుగు అక్షరాలు: యోద్, హే, వావ్, హే. పాత నిబంధనలో దాదాపు 6,800 సార్లు వస్తుంది. ఒకప్పుడు ఈ పేరు అందరి నోళ్లలోనూ ఉండేది. బోయజు పొలంలో కోతవాళ్లను పలకరించినా ఆ పేరుతోనే పలకరించాడు. యెరూషలేము పతనానికి కొంచెం ముందు లాకీషు కోటలో సైనికాధికారులు పెంకుల మీద రాసుకున్న ఉత్తరాల్లో, “యెహోవా నా ప్రభువుకు క్షేమవార్త వినిపించును గాక” అనే తరహాలో ఆ నాలుగు అక్షరాలూ ఉన్నాయి. క్రీస్తుకు ముందు 9వ శతాబ్దంలో మోయాబు రాజు మేషా వేయించిన శాసనంలో కూడా ఆ పేరు ఉంది. ఆ రాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. అంటే పొరుగు రాజుకు కూడా ఇశ్రాయేలు దేవుడి పేరు తెలుసు.

తర్వాత తర్వాత యూదులు ఆ పేరును నోటితో పలకడం తగ్గించారు. యూదుల పాత ధర్మ సంకలనమైన మిష్నా చెప్పేదాన్నిబట్టి, యాజకులు దేవాలయంలో ఆశీర్వాదం ఇచ్చేటప్పుడు రాసినట్టే పలికేవారు, బయట ఊళ్లలో దాని బదులు వేరే మాట వాడేవారు. ప్రాయశ్చిత్త దినాన ప్రధాన యాజకుడి నోట ఆ నామం వినబడగానే ఆవరణలో నిలబడ్డ జనమంతా సాష్టాంగపడి స్తుతించేవారు. క్రీ.శ. 70లో దేవాలయం కూలిపోయింది. పలికే చోటు పోయింది, పలికే యాజకుడూ పోయాడు. పాత తరంలో మన ఇళ్లలో నాయనమ్మలు తాతయ్య పేరు నోటితో చెప్పేవారు కాదు. ‘మా ఆయన’, ‘వాళ్ల నాన్న’ అనేవారు. పేరు తెలియక కాదు కదా. యూదుల మౌనంలో ఉన్నది కూడా అలాంటి మర్యాదే. ఆ మర్యాద ఎంత దూరం వెళ్లిందంటే, హీబ్రూలో అక్షరాలే అంకెలు కాబట్టి పదిహేను రాయాలంటే పది, ఐదు కలిపి యోద్-హే అని రాయాలి. అది దేవుని నామంలో భాగమని తొమ్మిది, ఆరు కలిపి రాస్తారు. ఆ నామం ఉన్న కాగితం చిరిగినా చెత్తలో వేయరు. సమాజమందిరంలో ఒక గదిలో దాచి, తర్వాత భూమిలో పాతిపెడతారు. కైరోలో అలా దాచిన గదిలోనే 1896–97లో యూదు పండితుడు సొలొమన్ షెక్టర్ దాదాపు రెండు లక్షల రాతప్రతుల ముక్కలను చూసి కేంబ్రిడ్జికి తరలించాడు. ఆ నామం మీద ఉన్న గౌరవం వల్ల మనకు ఒక గ్రంథాలయమే దక్కింది.

మరి ‘యెహోవా’ ఎక్కడి నుంచి వచ్చింది? హీబ్రూలో మొదట హల్లులే రాసేవారు. క్రీ.శ. 6 నుంచి 10వ శతాబ్దాల మధ్య మసోరెటులు అనే పండితులు అచ్చుల గుర్తులు చేర్చారు. దేవుని నామం దగ్గరికి వచ్చినప్పుడు, చదివేవాడు ‘అదోనాయ్’ అనాలని గుర్తుచేయడానికి ఆ మాటలోని అచ్చులను ఈ నాలుగు హల్లులకు పెట్టారని ఎక్కువమంది పండితులు చెబుతారు. నాకు ఇది బలమైన వాదనగా కనబడటానికి కారణం యెహెజ్కేలు గ్రంథం. అక్కడ మన తెలుగు బైబిలులో ‘ప్రభువైన యెహోవా’ అని పదేపదే వస్తుంది. హీబ్రూలో అది ‘అదోనాయ్’ పక్కనే ఆ నాలుగు అక్షరాలు. అదోనాయ్ అని రెండుసార్లు చదవకుండా, అలాంటి చోట్ల ‘ఎలోహీమ్’ (దేవుడు) అనే మాట అచ్చులు పెట్టారు. ఒకే పేరుకు రెండు రకాల అచ్చులు ఉన్నాయంటే అవి అసలు ఉచ్చారణ కావు, చదివేవాడికి సూచనలు. మధ్యయుగంలో లాటిన్ పండితులు ఆ హల్లులనూ అచ్చులనూ కలిపి చదివారు. ఆ రూపం యూరప్ భాషల్లో స్థిరపడి, మిషనరీల ద్వారా మన దాకా వచ్చింది.

‘యాహ్వే’ అనేది పండితులు ఆధారాలు పేర్చి నిర్మించిన ఉచ్చారణ. క్రీ.శ. 200 ప్రాంతంలో క్రైస్తవ పండితుడు అలెగ్జాండ్రియా క్లెమెంట్ గ్రీకులో రాసిన రూపం, 5వ శతాబ్దంలో బిషప్ థియొడొరెట్ సమరయులు ఇలా పలుకుతారని రాసిన మాట, ‘హల్లెలూయా’ చివర ఉన్న ‘యా’ – ఇలాంటివి ఆధారాలు. చాలావరకు సరైనదే అయ్యుండవచ్చు. కానీ మోషే చెవికి వినబడిన ధ్వని ఇదేనని ఒట్టుపెట్టి చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. ఇక ‘యాహువా’, ‘యాహుషువా’ లాంటివి ఇంకా కొత్తవి. మసోరెటులు అచ్చులు పెట్టిన హీబ్రూ పాఠంలో దేవుని పేరు మనిషి పేరుకు ముందు వస్తే ‘యెహో’ లేదా ‘యో’ అవుతుంది, చివర వస్తే ‘యాహూ’ లేదా ‘యా’ అవుతుంది. అందుకే యెహోషువ, యోనాతాను; అందుకే యెషయా, యిర్మీయా. ఉచ్చారణ ఖచ్చితంగా ఉంటేనే దేవుడు వింటాడని అంటే, గత రెండు వేల ఏళ్లలో ఆయన ఎవరి ప్రార్థనా వినలేదని అనాల్సి వస్తుంది. ఏ బోధకుడైనా ఆ మాట అనే ముందు ఆగి ఆలోచించాలి.

యేసు పేరు దగ్గరికి వద్దాం. ఆయన్ను తల్లి పిలిచిన పేరు ‘యేషువా’. యెహోషువ అనే పేరుకు అది చిన్న రూపం, ఆ కాలంలో చాలా మామూలు పేరు. యెరూషలేము చుట్టుపక్కల దొరికిన ఎముకల పెట్టెల మీద అది కనబడుతుంది. ఇంత దూరం ఎందుకు, మీ ఇంట్లో ఉన్న తెలుగు బైబిలు తెరవండి. ఎజ్రా 3:2లో యోజాదాకు కుమారుడైన ‘యేషూవ’ అని ఉంటుంది. హగ్గయి 1:1లో అదే ప్రధాన యాజకుణ్ణి ‘యెహోషువ’ అన్నారు. ఒకే మనిషి, ఒకే పేరు, రెండు రూపాలు. బైబిలుకే దీనితో ఇబ్బంది లేదు.

గ్రీకులో ‘ష’ ధ్వని లేదు. పురుషుల పేర్ల చివర ‘స్’ రావడం మామూలు. అలా యేషువా ‘ఇయేసూస్’ అయింది. ఇది క్రైస్తవులు చేసిన మార్పు కాదు. క్రీస్తు పుట్టడానికి ముందే హీబ్రూ లేఖనాలను గ్రీకులోకి తెచ్చిన యూదులు నూను కుమారుడైన యెహోషువకు ఈ పేరే రాశారు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ పుస్తకాల్లో ఈ పేరున్న యూదులు చాలామంది కనబడతారు. జ్యూస్‌కూ దీనికీ సంబంధం లేదు. గ్రీకులో రెండు మాటల అక్షరాలు వేరు, మూలాలు వేరు. యూదు తండ్రులు తమ కొడుకులకు విగ్రహం పేరు పెట్టుకుంటారా? ఈ ఒక్క విషయం మీద మాత్రం ఆ బోధకుడు చెప్పింది పూర్తిగా తప్పు.

ఉచ్చారణ గురించి ఇంకో మాట. ‘యేషువా’ చివర ‘అయిన్’ అనే గొంతు అక్షరం ఉంది. మన తెలుగు గొంతుకు అది రాదు. ఆ బోధకుడు పలికినా అది రాలేదని నేను అనుకుంటాను. గలిలయవాళ్లు ఇలాంటి గొంతు అక్షరాలను కలగాపులగం చేస్తారని యూదుల బోధల గ్రంథమైన తల్మూదులో వాళ్లను ఎగతాళి చేసిన కథలున్నాయి. పేతురును ప్రధాన యాజకుడి ఇంటి ముంగిట పట్టించింది అతని యాసే, మత్తయి 26:73 చూడండి. ప్రభువు పెరిగింది అదే గలిలయలో, ఆయన్ను రోజూ పిలిచింది ఆ యాసవాళ్లే. వాళ్ల పిలుపుకు పలికినవాడు గుంటూరు యాసలో, కరీంనగర్ యాసలో పిలిస్తే పలకడా?

మీకు చూపించిన వచనం అపొస్తలుల కార్యములు 4:12 అయ్యుంటుంది. ఈ నామముననే రక్షణ అన్న వచనం. కానీ అదే పుస్తకంలో 19వ అధ్యాయం కూడా చదవాలి. ఎఫెసులో స్కెవ కుమారులు ఏడుగురు, యూదులు, యాజక కుటుంబం వాళ్లు. ఉచ్చారణలో మనకంటే చాలా మేలు. వాళ్లు యేసు నామాన్ని మంత్రంలా ప్రయోగించారు. దయ్యం పట్టినవాడు, “యేసును గుర్తెరుగుదును, పౌలునుకూడ ఎరుగుదును, గాని మీరెవరు” అని మీదపడి చితకబాదాడు. నామాన్ని సరైన ధ్వనితో పలికితే చాలనే ఆలోచనకు బైబిలు ఇచ్చిన జవాబు ఇదేనని నేను నమ్ముతాను. మంత్రంలో ధ్వని తప్పితే పని జరగదు. ప్రార్థన ఒక వ్యక్తితో మాట.

ఇంతకీ దేవుని నామానికి అర్థం ఏమిటి? ఇదే నాకు అసలైన ప్రశ్న. ధ్వని గురించి గంటలు గంటలు వాదించేవాళ్లు దీని మీద ఐదు నిమిషాలైనా ఆగరు. నిర్గమకాండము 3:14లో మోషే పేరు అడిగితే దేవుడు ‘నేను ఉన్నవాడను’ అన్నాడు. హీబ్రూలో అది ‘ఉండుట’ అనే క్రియకు సంబంధించిన మాట, ‘నేను ఉంటాను’ అని కూడా చదవవచ్చు. దానికి రెండు వచనాల ముందే, 3:12లో, అదే క్రియతో “నిశ్చయముగా నేను నీకు తోడైయుందును” అన్నాడు. కాబట్టి తత్వశాస్త్రంలో చెప్పే ఉనికి ఒక్కటే కాదు, బానిసల పక్కన ఉంటానన్న మాట కూడా అందులో ఉంది.

అయినా 3వ అధ్యాయంలో పేరు మాత్రమే తెలిసింది. దాని వివరణ 34వ అధ్యాయంలో దొరుకుతుంది. మధ్యలో బంగారు దూడ జరిగింది, పలకలు పగిలాయి. నీ మహిమ చూపించు అని మోషే బతిమాలాడు. దేవుడు, నా నామాన్ని నీ ఎదుట ప్రకటిస్తానన్నాడు. మేఘంలో దిగివచ్చి తన పేరు రెండుసార్లు చెప్పి, కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములు అని వరసగా చెప్పాడు. దోషిని నిర్దోషిగా ఎంచడని కూడా అక్కడే ఉంది. తన పేరుకు అర్థం దేవుడే చెప్పిన చోటు అది. యూదులు దీన్ని పదమూడు లక్షణాలుగా లెక్కించి ప్రాయశ్చిత్త దినాన మళ్లీ మళ్లీ చదువుతారు. మీరు ఎన్ని వీడియోలు చూసినా, నిర్గమకాండము 34:6–7 కంఠస్థం చేయకపోతే దేవుని నామం గురించి ముఖ్యమైనది ఇంకా నేర్చుకోనట్టే.

మిగతా నామాలు కూడా ఇలాగే సంఘటనల్లోంచి వచ్చాయి. ‘ఎల్ షద్దాయ్’, సర్వశక్తిగల దేవుడు అని తొంభై తొమ్మిదేళ్ల అబ్రాముతో చెప్పాడు. షద్దాయ్ అనే మాట పాత నిబంధనలో 48 సార్లు వస్తే, అందులో 31 యోబు గ్రంథంలోనే. సర్వశక్తి గురించి ఎక్కువ మాట్లాడింది అన్నీ పోగొట్టుకున్నవాడి కథలో అన్నమాట. మోరీయా కొండ మీద ‘యెహోవా యీరే’, అమాలేకుతో యుద్ధం తర్వాత ‘యెహోవా నిస్సీ’, ఇవి మన పాటల్లో ఉన్నవే. నాకు అన్నిటికంటే ఇష్టమైనది హాగరు పెట్టిన పేరు. ఆదికాండము 16:13, ‘ఎల్ రోయీ’, చూచుచున్న దేవుడు. బైబిలులో దేవునికి పేరు పెట్టిన మొదటి మనిషి ఒక ఐగుప్తు దాసి. గర్భంతో, ఎడారిలో, ఒంటరిగా. ఆమెకు నాలుగక్షరాల నామం రహస్యం ఎవరూ నేర్పలేదు. తనకు జరిగినదాన్నిబట్టి పిలిచింది. దేవుడు ఆమెను దిద్దలేదు.

మెస్సియానిక్ విశ్వాసంలో ఈ నామాలు అంత ముఖ్యం కావడానికి అసలు కారణం ఉచ్చారణ కాదు, ఇది: యోవేలు 2:32లో యెహోవా నామమునుబట్టి ప్రార్థన చేసేవారు రక్షింపబడతారని ఉంది. పౌలు రోమా 10:13లో అదే మాట ఎత్తి, ముందు వచనాల్లో ఆ ప్రభువు యేసేనని చెప్పాడు. అలాగే యెషయా 45:23లో ప్రతి మోకాలూ తన ఎదుట వంగుతుందని యెహోవా ప్రమాణం చేశాడు. ఫిలిప్పీ 2:10–11లో ఆ మోకాళ్లు యేసు నామమున వంగుతున్నాయి. గమలీయేలు దగ్గర చదువుకున్న పరిసయ్యుడు, దేవుడు ఒక్కడేనని చెప్పే ‘షెమా’ ప్రార్థనను రోజూ వల్లించేవాడు, ఈ మాట రాశాడు. ఒక యూదుడికి ఇంతకంటే పెద్ద మాట ఇంకోటి లేదు. పౌలు ఈ లేఖలు రాసింది గ్రీకులో. నామం అక్కడ ‘కూరియోస్’, మన తెలుగులో ‘ప్రభువు’. హీబ్రూ బాగా తెలిసిన పౌలే ఆ మాట వాడటానికి వెనుకాడలేదు. మనకు అందిన కొత్త నిబంధన గ్రీకు ప్రతుల్లో ఒక్కదానిలోనూ ఆ నాలుగు హీబ్రూ అక్షరాలు లేవు. ప్రభువు కూడా తన శిష్యులకు ప్రార్థన నేర్పినప్పుడు ‘నీ నామము పరిశుద్ధపరచబడును గాక’ అన్నాడు, ‘తండ్రీ’ అని పిలవమన్నాడు.

మూడవ ఆజ్ఞ గురించి కూడా అడిగారు. తెలుగులో ‘వ్యర్థముగా ఉచ్చరింపకూడదు’ అని ఉండటం వల్ల మన ఆలోచన నోటి దగ్గరే ఆగిపోతుంది. హీబ్రూలో ఉన్న క్రియ ఎత్తుకోవడం, మోయడం అనే అర్థంలోనిది. అహరోను ఇశ్రాయేలు గోత్రాల పేర్లను భుజాల మీద భరించాడన్నచోట కూడా అదే క్రియ. ఉచ్చరించడం కూడా అందులో ఉంది, కానీ ఆ పేరు మోస్తూ అబద్ధంగా బతకడం కూడా ఉంది. యెహెజ్కేలు 36లో దేవుడు తన నామానికి దూషణ వచ్చిందని బాధపడింది జనం తప్పుగా పలికినందుకు కాదు, వాళ్ల నడతవల్ల. ఇంట్లో తల్లిని ఏడిపించి గెలిచిన వాదన ఆ నామానికి ఏ గౌరవం తెచ్చిందో మీరే ఆలోచించండి. కఠినంగా అంటున్నానని అనుకోవద్దు, మీ ఆసక్తి మంచిదని తెలిసే అంటున్నాను.

అయితే ‘యేషువా’ అనడం వదిలేయాలా? అక్కర్లేదు. మెస్సియానిక్ యూదులకు ఆ పేరు ఎందుకంత విలువైనదో తెలుసుకుని అనండి. 1096లో రైన్ నది ఊళ్లలో శిలువ యోధులు యూదులను చంపినప్పుడు, 1492లో స్పెయిన్ వాళ్లను వెళ్లగొట్టినప్పుడు, యేసు పేరు వాళ్ల చెవికి శత్రువు పేరుగా వినబడింది. ‘యేషువా’ అన్నప్పుడు ఆయన మనవాడే, దావీదు వంశం వాడే అని వినబడుతుంది. వాళ్లకు అది ఇంటికి తిరిగి వచ్చిన పేరు. మనకు అది మత్తయి 1:21ని తెరిచి చూపిస్తుంది: రక్షించును గనుక ఆ పేరు అని దూత చెప్పిన ‘గనుక’ హీబ్రూలో చెవికే తెలిసిపోతుంది, తెలుగులో వివరిస్తేగానీ తెలియదు. ఈ సంపద అమ్మగారికి కూడా చెప్పండి, కానుకలా చెప్పండి. ఆమెకు తెలియకుండానే ఆ నామం మీ ఇంట్లో ఉంది. మన ఊళ్లలో యోహాను, జెకర్యా, యిర్మీయా, ఏలీయా అని పిలిచే ప్రతిసారీ దేవుని నామం కొంచెం పలుకుతూనే ఉన్నాం. జెకర్యా అంటే యెహోవా జ్ఞాపకం చేసుకున్నాడని, యోహాను అంటే యెహోవా కృప చూపాడని అర్థం.

ప్రార్థనలో మీకు ఏ పేరు సహజంగా వస్తే అది వాడండి. సంఘంలో మీరు ఒక్కరే వేరే పేరుతో గట్టిగా ప్రార్థించి పక్కవాళ్లను తికమక పెట్టకండి. అడిగినవాళ్లకు వివరించండి. పేరు మార్చుకోకపోతే సహవాసం లేదనే గుంపులో మాత్రం చేరకండి. బాప్తిస్మం మళ్లీ ‘సరైన పేరుతో’ తీసుకోమంటారు, దానికి ఒప్పుకోవద్దు.

మీ అన్నయ్య ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్‌గా ఉన్నారని రాశారు కాబట్టి ఆయనకు కూడా ఒక మాట. అక్కడి పెద్దవాళ్ల ముందు ‘యాహ్వే’ అని, ‘యెహోవా’ అని పైకి అనవద్దని చెప్పండి, వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. ‘హాషెమ్’ అంటే చాలు. బాగున్నారా అని అడిగితే వాళ్లే ‘బారూఖ్ హాషెమ్’ అంటారు, అంటే ఆ నామానికి స్తుతి అని. ప్రభువు గురించి మాట్లాడే సందర్భం వస్తే, అక్కడ మామూలుగా జనం వాడే మాట ‘యేషు’. చాలామందికి అందులో పాత చేదు ఉంది. మెస్సియానిక్ విశ్వాసులు మాత్రం ‘యేషువా’ అనే అంటారు, మీ అన్నయ్య కూడా అలాగే అనవచ్చు. తెలుగువాళ్లంతా కలిసి ప్రార్థించేటప్పుడు ‘యేసయ్యా’ అనే పిలవమనండి.